అత్తమ్మా, ఆమెకు చెప్పు

మా అమ్మకు బీపీ ఎందుకొచ్చిందో నల్గొండ దవాఖానలో డాక్టరమ్మకు అంతు చిక్కలేదు గానీ నాకు తెలుసు. అమ్మ పేరు గుర్వమ్మ. గట్టి మనిషి. గొర్ల వెంట గుట్టలెక్కి దిగిన కాళ్లు, ఇప్పటికీ నాకంటే ముందు నడుస్తుంది. ఆమెకున్న జబ్బల్లా ఒక్కటే. ఇద్దరు కోడళ్ల మధ్య ఏడు నెలలుగా మాటలు మోస్తోంది.

మాది గొర్లు కాసుకునే ఇల్లు. ఊళ్లో మా అన్న గిరి, అతని భార్య నాగరాణి వదిన, మా తమ్ముడు దామోదర్, వాడి భార్య శైలజ, అందరూ ఒకే కప్పు కింద ఉంటారు. నేను పుష్పను, నడిమిదాన్ని. నల్గొండలో కాపురం, ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ అర్ధమొగుడితనం వల్ల నాకు ఇప్పటిదాకా ఒరిగిందేమీ లేదు, ఇంట్లో ఏ పంచాయితీ వచ్చినా ఫోను మాత్రం నాకే మోగుతుంది.

ఈ పంచాయితీ పెద్దగట్టు జాతర నుంచి వచ్చిన మర్నాడు మొదలైంది. యాటపోతును కోసి దావత్ పెట్టారు. యారాండ్లిద్దరూ (తోడికోడళ్లను మా వైపు అలాగే అంటారు) పొద్దున్నుంచి కొంగులు నడుముకు చెక్కి, ఒకరి మాట ఒకరు అందుకుంటూ, పకపకా నవ్వుకుంటూ పెద్ద గంజులో కూర వండారు. అంత వరకూ వాళ్లను చూసి ఊరు కుళ్లుకునేది. మా మేనమామ మారయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దాన్ని మింగలేడు, చుట్టాల ముందు ఉమ్మలేడు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే అలాగే కూర్చున్నాడు. కూరంతా ఉప్పు.

తాను ఒక్కసారే వేశానని వదిన పోచమ్మ మీద ఒట్టేసింది. తాను ఉప్పు డబ్బానే ముట్టలేదని శైలజ పుస్తె మీద ఒట్టేసింది. "ఎవ్వలు ఎయ్యకుంటె ఉప్పు నడుసుకుంట వచ్చిందా?" అని వదిన. "నన్ను బద్నాం జేద్దామని నువ్వే రెండోపారి ఏసినవ్" అని శైలజ. ఆ రోజుతో ఇద్దరికీ మాటలు బంద్.

మాటలు బంద్ అంటే అసలు మాట్లాడుకోరని కాదు. ఒకే పొయ్యి మీద వండుకునే ఇంట్లో అది కుదిరే పనేనా? ముఖం చూసి మాట్లాడరు, అంతే. మధ్యలో అమ్మ ఉండాలి.

"అత్తమ్మా, పాలు పొంగుతున్నయని ఆమెకు చెప్పు."

"అత్తమ్మా, పొంగితె దించుమని ఆమెకు చెప్పు."

అమ్మ ఇటు తిరిగి అటు తిరిగేసరికి పాలు పొయ్యిలో ఉండేవి. అమ్మ కొట్టం దగ్గరుంటే వాకిట్లో కట్టేసిన మేకతో చెప్పుకునేవాళ్లు. "ఏమే మేకా, తాడు మీద బట్టలారేసేటప్పుడు పక్కోళ్లకు సుత జర జాగ ఇడవాలె గదనే, మనుషులైతె?" మేక నములుతూ ఉండేది. మేక మేతకు పోతే కుక్కర్‌కు చెప్పేవాళ్లు. అలిగినవాళ్లు గోడకూ పొయ్యికీ చెప్పుకోవడం మా ఊళ్లో ఎరగని సంగతి కాదు గానీ, దాన్ని ఏడు నెలలు నడిపినవాళ్లను మాత్రం నేను వీళ్లనే చూశాను.

డాక్టరమ్మ మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమంది. ఉప్పనగానే అమ్మ ముఖం పాలిపోయింది. మందులంటే భయమేమో అనుకున్నాను. "మనసు నిమ్మలంగ పెట్టుకోవాలె పెద్దమ్మా, ధ్యానమసుంటిది చెయ్యి" అని కూడా చెప్పి పంపింది.

అమ్మ మనసు నిమ్మళంగా ఎలా ఉంటుంది? అదే వారం ట్రాక్టరు వచ్చి వాకిట్లో ఇటుకలు దించింది. ఈ గొడవ తమ వల్ల కాదని అన్నదమ్ములిద్దరూ కలిసి వేరుపడాలని నిర్ణయించుకున్నారు. ఇంటికి నడిమధ్యన గోడ. మేస్త్రీ ఐలేశం సోమవారం పని మొదలుపెడతానన్నాడు. మూఢంలో మంచిపని చేయకూడదు గానీ ఇది మంచిపని కాదు కాబట్టి అడ్డమేమీ లేదని అతనే తేల్చాడు. అమ్మ నాకు ఫోన్ చేసింది.

"గోడ లేస్తె నేను ఏ దిక్కున పండాలె బిడ్డా?" అంది.

నాకు మొత్తం ఊరినే పట్టుకుని తిట్టాలనిపించింది.

మరునాడు మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. మైండ్‌ఫుల్‌నెస్ ధ్యాన శిబిరం, శుక్రవారం నుంచి ఆదివారం దాకా, పూర్తి మౌనం. మూఢం వల్ల పెళ్లిళ్లు లేక నల్గొండ చివరి ఫంక్షన్ హాలు ఖాళీగా పడి ఉంది కాబట్టి అక్కడ. అమ్మ పేరు ఇచ్చేశాను. మందులివ్వడానికి పెద్ద కోడలిని నేనుండాలని వదిన బయల్దేరింది. "పెద్దోళ్లే పోవాల్నానే మేకా, చిన్నోళ్లకు అత్తమ్మ మీద పాణం లేదా?" అని శైలజ కూడా బట్టలు సర్దుకుంది. ముగ్గురినీ ఒక్కదగ్గర వదిలే ధైర్యం లేక నేను సెలవు పెట్టాను.

శిబిరం నడిపే రఘుపతి సార్ కరెంటాఫీసులో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. మెత్తని మనిషి. హాల్లో ఎత్తయిన ఆసనం ఇంకేదీ లేక పెళ్లికొడుకు కూర్చునే ఎర్ర మఖ్మల్ కుర్చీలో మఠం వేసుకుని కూర్చున్నాడు. వెనక థర్మాకోల్ నెమళ్లు. పక్కన పెళ్లికూతురి కుర్చీ ఖాళీ. వదిన ఆ ఖాళీ కుర్చీని ఒకసారి, సార్‌ను ఒకసారి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పక్కనే శైలజ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి అది గమనించి చటుక్కున తీసేశారు.

"ఇది అమెరికా నుంచి ఫోన్లలో వచ్చిందనుకుంటారు చాలామంది" అని మొదలుపెట్టాడు సార్. "రెండున్నర వేల ఏళ్ల కిందట బుద్ధుడు చెప్పింది. పాళీ భాషలో 'సతి' అన్నారు. మనం స్మృతి అంటాం. ఇప్పుడు ఏం జరుగుతోందో దాన్ని మరవకుండా, ఉన్నదున్నట్టు చూడటం. మన ఫణిగిరి గుట్ట మీద, అటు కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో భిక్షువులుండేవాళ్లు. మన గాలే పీల్చి, ఆ గాలినే గమనిస్తూ కూర్చునేవాళ్లు. తర్వాత్తర్వాత ఇక్కడి విహారాలు దిబ్బలైపోయాయి. సింహళం వాళ్లు, బర్మా వాళ్లు ఆ విద్యను కాపాడుకున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లలో కొందరు పడమటి దేశాల్లో మతం సంగతి పక్కనపెట్టి దవాఖానల్లో నొప్పులతో బాధపడేవాళ్లకు నేర్పారు. అక్కణ్ణించి మళ్లీ మన దగ్గరికొచ్చింది."

అమ్మ నా చెవిలో, "అంటె మన గొర్రెనే అంగట్ల అమ్మితె దేశమంత తిరిగి, కొత్త పేరు పెట్టిచ్చుకోని మల్ల మన మందకే వచ్చిందన్నట్టు" అంది. సార్ గంట కొట్టాడు. మౌనం మొదలైంది.

మౌనం అందరికీ కష్టమే. బ్యాంకులో పనిచేసే శివకుమార్ అనే అబ్బాయి బాత్రూములో దూరి ఫోన్లో గుసగుసలాడి దొరికిపోయాడు. ఒక పెద్దాయన అన్నం వడ్డించిన ప్రతిసారీ "చాలు చాలు" అని నాలుక కరుచుకున్నాడు. మా ఇంటి కోడళ్లు మాత్రం అమ్మకు చెరో పక్కన కూర్చుని, ఎదుటి గోడ తప్ప ఇంకేదీ చూడకుండా, మాటా పలుకూ లేకుండా పొద్దు గడిపారు. సార్ మురిసిపోయాడు.

"ఆ ఇద్దరమ్మల్ని చూడండి. ఇంత పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు కన్నెత్తి కూడా చూసుకోవడం లేదు. ఎంతకాలంగా సాధన చేస్తున్నారో!"

ఏడు నెలలు సార్, అని నా నోటిదాకా వచ్చింది.

మొదటి రోజంతా శ్వాసే. ముక్కు కొన దగ్గర గాలి వస్తుంటే చూడాలి, పోతుంటే చూడాలి. మనసు ఎటో పారిపోతే తిట్టకుండా తోలుకురావాలి. నా మనసు ఐలేశం దగ్గరికి, ఇటుకల దగ్గరికి పోతూనే ఉంది, నేను తోలుకొస్తూనే ఉన్నాను. అమ్మ గాలి రావడం చూసింది, పోవడం చూసే లోపల గురక పెట్టింది. ఆ గురకకు హాలు సగం కళ్లు తెరిచింది.

రెండో రోజు సార్ పద్ధతి మార్చాడు. మనసులో ఏది లేస్తే దానికి పేరు పెట్టాలన్నాడు. బర్మాలో ఇలా నేర్పుతారట. కోపం వస్తే 'కోపం', నొప్పి పుడితే 'నొప్పి', దురద పెడితే 'దురద'. పేరు పెట్టి వదిలేస్తే అదే పోతుందట.

"మామూలుగా మనసులోనే అనుకోవాలి. కానీ కొందరు నిద్రపోతున్నారు" అని అమ్మ వైపు చూశాడు. "అందుకని ఇక్కడ మెల్లగా పైకి అనండి. ఎవరి మీద, ఎందుకు అని వద్దు. ఎవరికీ చెప్పడం కాదు ఇది. మీతో మీరే అనుకోవడం."

సార్ ఏ ఊరివాడో గానీ మా ఊరివాడు మాత్రం కాదు. మా ఊళ్లో ఎవరూ తమతో తాము అనుకోరు. గాల్లోకి ఒక మాట వదిలారంటే అది ఎవరికో తగలాల్సిన మాటే. రెండు రోజులుగా మేక లేక, కుక్కర్ లేక, అమ్మతో చెప్పడానికి అనుమతి లేక అల్లాడుతున్న ఆ ఇద్దరికీ సార్ ఒక కొత్త మేకను తెచ్చి ముందు కట్టేసినట్టయింది.

శైలజ చెయ్యి కదిలింది, గాజులు గలగలమన్నాయి.

"చప్పుడు... చప్పుడు..." అంది వదిన, కళ్లు మూసుకునే.

ఒక శ్వాస గడిచింది.

"ఓర్వలేనితనం... ఓర్వలేనితనం..." అంది శైలజ.

"పొగరు... పొగరు..."

"దురద... నోటి దురద..."

"చిన్నంత్రం పెద్దంత్రం లేకపోవుడు... లేకపోవుడు..."

"పెత్తనం... పొద్దున లేస్తె పెత్తనం..."

ఇద్దరి గొంతులూ ఎంత శాంతంగా ఉన్నాయంటే, మాటలు అర్థం కానివాళ్లు మంత్రాలనుకుంటారు. నడుమ అమ్మ కళ్లు మూసుకునే తల ఇటు తిప్పుతోంది, అటు తిప్పుతోంది. మఖ్మల్ కుర్చీలో రఘుపతి సార్ కనుబొమలు ఆనందంతో పైకి లేచాయి.

"శభాష్. చాలామంది కాలినొప్పి దగ్గరే ఆగిపోతారు. ఈ అమ్మలు మనసు అడుగుదాకా పోతున్నారు."

నాకు పొట్టలో నవ్వు మొదలైంది. 'నవ్వు, నవ్వు' అని పేరు పెట్టుకున్నాను. పేరు పెడితే పోతుందన్నాడు గదా, పోలేదు. ఇంకా ఎక్కువైంది.

సాయంత్రం నడక ధ్యానం. ఒక్కో అడుగూ ఎత్తడం, జరపడం, దించడం, ప్రతిదానికీ పేరు పెడుతూ హాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా. శైలజ ముందు, వెనక వదిన.

"ఎత్తుడు... జరుపుడు... కొంగు దొక్కుడు... కావాల్నని కొంగు దొక్కుడు..." అంది శైలజ.

"ఎత్తుడు... అడ్డం... బర్రె అడ్డం..." అంది వదిన.

"బర్రె వద్దమ్మా" అన్నాడు సార్ ప్రేమగా. "అడ్డం అంటే చాలు."

శివకుమార్ ఎత్తిన కాలు ఎత్తినట్టే పెట్టుకుని, భుజాలు ఎగిరిపడుతుండగా, గోడను పట్టుకుని నిలబడ్డాడు. మూడో రోజు పొద్దున చూస్తే, మొదటి రోజు ఫ్యాన్ల కిందికి ఎగబడినవాళ్లందరూ చాపలు తెచ్చుకుని మా చుట్టూ చేరారు.

చివరి కూర్చోడం ఆదివారం మధ్యాహ్నం. అందరూ కళ్లు మూసుకున్నారు గానీ చెవులు మా వైపే ఉన్నాయని నాకు తెలుసు. కాసేపు కాలినొప్పులు, ఉక్కపోత నడిచాయి. ఆ తర్వాత వదిన గొంతు వినిపించింది.

"ఉప్పు... యాదికొస్తాంది... ఉప్పు..."

నాకు నవ్వు ఆగిపోయింది.

"అబద్ధం... అబద్ధం..." అంది శైలజ.

"ఒట్టు... పోచమ్మ మీద ఒట్టు..."

"నా పుస్తె మీద ఒట్టు..."

ఈసారి ఆ మాటల్లో వెటకారం లేదు. వదిన "గోడ... రేపు గోడ..." అంది. శైలజ ముక్కు ఎగబీల్చింది. "ఏడుపు... ఏడుపొస్తాంది..." అంది. వాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటున్నారని, వాళ్లకూ గోడ ఇష్టం లేదని నాకప్పుడే అర్థమైంది. ఇంత ప్రేమను ఏడు నెలలు మేకకు చెప్పారేమిటి వీళ్లు అని ఒళ్లు మండింది.

నడుమ నుంచి మూడో గొంతు లేచింది.

"భయం... భయం..." అంది అమ్మ. "చెయ్యి... నా చెయ్యి... చారెడు... చారెడు దొడ్డుప్పు..."

సార్ ముందుకు వంగాడు. "అమ్మా, అదేం భావం?"

"భావం గాదు సారూ, ఉప్పు. దావత్ దినం కూరల నేనే ఏసిన."

మూడు రోజుల్లో మొదటిసారి ఆ హాల్లో నిజమైన మౌనం పడింది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఇద్దరు కోడళ్ల కళ్లూ గట్టిగా మూసి ఉన్నాయి. శైలజ పెదవి ఒక పక్కకు వంకరపోయింది.

"నవ్వు..." అంది. "నవ్వు వస్తాంది..."

"ఆపుకునుడు..." అంది వదిన. "ఆపుకునుడు... ఆపుకు..."

ఆ మాట పూర్తి కాలేదు. వదిన ముక్కులోంచి కుక్కర్ కూత లాంటిదొకటి వచ్చింది. శైలజ కళ్లు తెరిచి, అమ్మ తల మీదుగా వంగి, వదిన ముఖంలోకి సూటిగా చూసింది.

"అక్కా, చారెడంట!"

"మారయ్య మామ మొకం యాదికొస్తాందే చెల్లే! కండ్లల్ల నీళ్లు వెట్టుకోని..."

ఇక ఎవరూ ఆగలేదు. శివకుమార్ చాప మీద దొర్లాడు. చాలు చాలు పెద్దాయన కడుపు పట్టుకుని "చాలు, చాలు" అంటూ ఇంకా నవ్వాడు. నాకు ఊపిరాడక కళ్ల వెంట నీళ్లొచ్చాయి. "పేరు పెట్టండి, నవ్వు అని పేరు పె..." అంటూ లేవబోయిన సార్ మళ్లీ పెళ్లి కుర్చీలో కూలబడిపోయాడు. అతని భుజాలతో పాటు వెనక నెమళ్లు కూడా ఊగాయి. నడుమ అమ్మ ఒక్కతే నవ్వకుండా, దెబ్బలు పడతాయేమోనన్నట్టు తల దించుకుని కూర్చుంది. ఇద్దరూ చెరోవైపు నుంచి ఆమె మీద పడి నవ్వారు.

సాయంత్రం ఊరి బస్సెక్కాం. యారాండ్లిద్దరూ ఒక సీట్లో కూర్చున్నారు. ఏడు నెలల మాటలు గదా, ఒకరు ఆపకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. వెనక సీట్లో అమ్మ, నేను.

"ఎందుకేసినవమ్మా?" అన్నాను.

అమ్మ ముందు సీటు వైపు ఒకసారి చూసింది.

"గా ఇంట్ల కూర ఎప్పుడొండినా ఉప్పు నా చెయ్యే ఏసేది బిడ్డా. గా దినం ఇద్దరు నవ్వుకుంట వండుతున్నరు. 'అత్తమ్మా, జర చూడు' అని ఒక్కలన్న పిలుస్తరని గడప కాడ కూసున్న. పిలువలే. ఆళ్లు నీళ్లకు పోంగ నేనే లేసి పోయి ఏసిన. ముందుగాల ఏసిన్రని నాకేం ఎరుక?"

"మరి అప్పుడే చెప్పకపోయినవ్?"

"చెప్పాలన్నట్టే ఉండె. గంతల్నే మాటలు బంద్ వెట్టిరి. ఇగ పొద్దున లేస్తె 'అత్తమ్మా, ఆమెకు చెప్పు. అత్తమ్మా, ఆమెకు చెప్పు.' గా ఇంట్ల నన్ను గన్నిసార్లు ఎన్నడు పిలువలే బిడ్డా. తలకాయ పలిగేది గని..." గొంతు తగ్గించింది. "మంచిగుండె."

ఆమెను తిట్టాలని నోరు తెరిచాను. కానీ నల్గొండ నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా నేనూ వదినతో, శైలజతో మాట్లాడి, "అమ్మ మంచిగున్నదా?" అని అడిగి పెట్టేసేదాన్ని. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు గమనించాను, ముందు సీట్లో మాటలు ఆగిపోయాయి. ఊరొచ్చేదాకా మళ్లీ వినపడలేదు.

ఇంటికి చేరేసరికి ఐలేశం వాకిట్లో సున్నంతో గీత గీసి పోయి ఉన్నాడు, రేపు పునాది తవ్వడానికి. శైలజ దాన్ని చూసి చీపురందుకుంది. వదిన బకెట్లో పేడ కలిపి తెచ్చింది. పొద్దు గుంకే వేళ సాన్పి (కళ్లాపి) చల్లుతున్న పెళ్లాలను చూసి అన్నదమ్ములిద్దరూ నోరు తెరిచారు. గీత కనపడకుండా పోయింది.

"మరి ఇటుకలెట్లనే?" అన్నాడు గిరన్న.

"అత్తమ్మ కూసుంటది" అంది వదిన.

అమ్మ నిజంగానే ఇటుకల మీద కూర్చుంది, కళ్లు మూసుకుని, సార్ చెప్పినట్టు నడుము నిటారుగా పెట్టి. లోపల కూర ఉడుకుతోంది. ఇద్దరి నవ్వులూ బయటికి వినపడుతున్నాయి. ఎవరూ అత్తమ్మా అనడం లేదు. అమ్మ గాలిని చూసుకుంటోందో లేదో గానీ, ఆమె గడ్డం కొద్దిగా వణకడం నేను చూశాను. లోపలికి పోయి ఆ ఇద్దరినీ కడిగెయ్యాలని లేచాను.

"అత్తమ్మా!" అని వదిన కేకేసింది. "అత్తమ్మా, జల్ది రా!" అని శైలజ.

అమ్మ కళ్లు తెరిచి, కొంగుతో ముఖం తుడుచుకుని, నా కంటే ముందు లోపలికి పోయింది. కూర కుతకుతమంటోంది. పొయ్యికి అటొకరు, ఇటొకరు నిలబడ్డారు. వదిన ఉప్పు డబ్బా మూత తీసి పట్టుకుంది.

"మేం ఎయ్యలే" అంది శైలజ. "నువ్వే ఎయ్యాలె."

అమ్మ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. చెయ్యి డబ్బాలో పెట్టింది. పిడికిలి బిగించి బయటికి తీసింది.

"అత్తమ్మా, చారెడు గాదు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

అమ్మ పిడికిలి విప్పి చూపించింది. అందులో నాలుగు పలుకులే ఉన్నాయి.

"నాకు బీపీ గదనే" అంది.